ఇండెక్స్ గారికి ఒక దండం, ఒక మొట్టికాయ

మహారాజశ్రీ, పుస్తకం చివరి పేజీల్లో కొలువున్న ఇండెక్స్ గారికి,

మేమిక్కడ క్షేమం. మీకేం, మీరెప్పుడూ క్షేమమే, ఆరొందల పేజీలు చదివే ఓపిక లేక అందరం మీ కాళ్ళ మీదే పడతాం కదా.

సంగతేంటంటే, మెదక్ పెద్ద చర్చి కట్టింది వెస్లియన్ మిషన్ వాళ్ళే కదా, ఆ అభిమానం కొద్దీ మా ఆడవాళ్ళ మీటింగ్‌లో తొలినాటి మెథడిస్టుల్లో (అదే, ఇంగ్లండ్‌లో జాన్, చార్లెస్ వెస్లీ అన్నదమ్ములు మొదలుపెట్టిన క్రైస్తవ శాఖలో) ఉన్న నాటకాల ఆడవాళ్ళ గురించి పది నిమిషాలు మాట్లాడతానని నోరు జారాను. ఒకే ఒక్క మనిషి కోసం నిన్న మధ్యాహ్నం మొత్తం మీ గుమ్మంలో పడిగాపులు కాశాను. ప్రిసిల్లా. ఆ పేరుతో లేదు. పుట్టింటి పేరు విల్ఫర్డ్, లేదు. స్టేజీ మీద మిసెస్ స్టీవెన్స్, అదీ లేదు. చివరికి "రిచ్, మిసెస్: చూ. రిచ్, జాన్" అన్నారు. సరే అని ఆయన దగ్గరికి పోతే లండన్‌లో కోవెంట్ గార్డెన్ థియేటర్ తెరవడం, 1732, హార్లెక్విన్ అనే విదూషకుడి వేషాలు, అర పేజీ నిండా నంబర్లు, అన్నీ అయ్యాక కామా పెట్టి "భార్య, మూడో".

మూడు పేర్లున్న మనిషికి దక్కింది ఒక కామా అండీ.

1744లో రిచ్‌ని చేసుకుంది. 1743లోనే వెస్లీ వాళ్ళు ఆ థియేటర్ దగ్గర్లో, నడిచెళ్ళేంత దూరంలో వెస్ట్ స్ట్రీట్ చాపెల్ తీసుకున్నారు. ఈవిడ నాటకాలంటే పడని మెథడిస్టుల్లో కలిసి చార్లెస్ వెస్లీకి స్నేహితురాలైపోయింది. థియేటర్ ఓనర్ ఇంట్లో అదంటే సారా కాంట్రాక్టర్ ఇంటి అరుగు మీద మద్యనిషేధం మీటింగ్ పెట్టినట్టే! చార్లెస్ రాసిన మూడు కీర్తనలకి అప్పటి పెద్ద సంగీతకారుడు హాండెల్ ట్యూన్ కట్టింది కూడా ఈవిడ కోసమే అంటారు. ఆ కాగితాలు కేంబ్రిడ్జ్‌లో ఫిట్జ్‌విలియం మ్యూజియంలో ఉంటే చార్లెస్ కొడుకు శామ్యూల్ చూసి 1826లో అచ్చేయించాడు. మీ దగ్గర హాండెల్ ఉన్నాడు, శామ్యూల్ ఉన్నాడు, మ్యూజియం బిల్డింగ్ కూడా ఉంది. బిల్డింగ్‌కి నాలుగు నంబర్లు.

ఇసబెల్లా యంగ్ సంగతి ఇంకా ఘోరం. 1737లో 'ద డ్రాగన్ ఆఫ్ వాంట్లీ' అనే హాస్య ఒపెరాలో మార్జరీగా పాడి, దానికి సంగీతం కట్టిన లాంపేని చేసుకుంది, ఆ లాంపేయే తర్వాత వెస్లీ దారి పట్టి 1746లో చార్లెస్ కీర్తనలు 24 ట్యూన్ చేశాడు. ఈవిడ మేనకోడలి పేరు కూడా ఇసబెల్లా యంగే, ఆ పిల్ల పెద్దయ్యాక హాండెల్ ఒరటోరియోల్లో, అంటే వేషాల్లేకుండా పాడే భక్తి కథల్లో, పాడింది. మీరు అత్తనీ కోడల్నీ కలిపి ఒకే మనిషిని చేసి నంబర్లు కుప్పపోశారు. హెన్రీలు ఎనిమిది మంది ఉంటే మాత్రం ఒక్కడూ తప్పిపోడు.

మిసెస్ కోల్‌కి మాత్రం సొంత ఎంట్రీ ఇచ్చారు, సంతోషం. 1760లో 'ద మైనర్' నాటకంలో మెథడిస్టుగా మారిన సానికొంప ఓనరమ్మ, అంటే మెథడిస్టుల్ని వెక్కిరించడానికి శామ్యూల్ ఫుట్ కల్పించిన పాత్ర, పైగా గౌను తొడుక్కుని వేసింది కూడా ఆయనే. లేని ఆడదానికి, అదీ మగాడు వేసిన ఆడదానికి, దొరికింది చోటు.

1761లో డెర్బీలో రెండొందల మంది ముందు నిలబడి మాట్లాడిన సారా క్రాస్బీ అయినా నయం, సొంత లైను ఉంది. కాకపోతే ఆ క్రాస్బీ అన్నది వదిలేసి పోయిన మొగుడి ఇంటిపేరు.

ఇంక మీరు మీరు అనడం నా వల్ల కాదు. ఏం, ఇంకో లైను వేస్తే నీ సొమ్మేం పోయింది? "విల్ఫర్డ్, ప్రిసిల్లా" అని రెండు మాటలు, అరంగుళం చోటు! అక్షరాల వరస తప్ప నీకేమన్నా తెలుసా అసలు?

నువ్వు లేకపోతే ఆ కామా కూడా దొరికేది కాదనుకో. అదే నా ఏడుపు.

పొద్దున మీటింగ్ కార్డు వాట్సాప్‌లో వచ్చింది. "ప్రసంగం: శ్రీమతి" అని వేసి పక్కన మా ఆయన పేరు పెట్టి "గారు" అని తగిలించారు. కింద రిప్లై పెట్టాను: "ప్రసంగం కోసం చూ. మా ఆయన. ఆయనకి ఆదివారం ఖాళీ లేదు."