ఆ శాతాల పిరమిడ్‌ను ఇక నాకు పంపకండి

ఈ వారంలో ఈ ఫార్వర్డ్ మెసేజ్ నాకు రావడం ఇది నాలుగోసారి. "చదివింది 10 శాతం, విన్నది 20, చూసింది 30, చేసింది 90 శాతం గుర్తుంటుంది. మీ పిల్లల లెర్నింగ్ స్టైల్ కనుక్కోండి. మంచి వీడియోలుంటే టీచర్ అక్కర్లేదు. విద్యార్థి కేంద్రిత బోధన అంటే ఇదే." కింద రంగుల పిరమిడ్.

శాతాలతో మొదలుపెడదాం. ఈ పిరమిడ్‌కి మూలం అమెరికా విద్యావేత్త ఎడ్గార్ డేల్ 1946లో వేసిన 'అనుభవ శంకువు' అనే బొమ్మ. అందులో ఒక్క శాతం కూడా లేదు. అంకెలు తర్వాత వేరేవాళ్లు తగిలించినవి. గంట తర్వాత 10 శాతమా, ఏడాది తర్వాతా? అదీ చెప్పరు.

అసలు ఒళ్లు మండేది లెర్నింగ్ స్టైల్ దగ్గర. అంటే ఒకరికి చూస్తేనే (విజువల్), ఒకరికి వింటేనే (ఆడిటరీ), ఒకరికి ఒళ్లు కదిపి చేస్తేనే (కైనెస్తెటిక్) బాగా వస్తుందనే మాట. "మావాడు విజువల్ లెర్నరండీ, చదవడం వాడికి పడదు" అని పిల్లాడి ముందే అంటారు. వాడు శుభ్రంగా నమ్మేస్తాడు. పేరా కాస్త పొడుగ్గా కనబడితే చాలు, పుస్తకం మూసేస్తాడు. చదవడం కష్టమైనవాడికి చదవడమే కదా నేర్పాల్సింది! 2008లో పాష్లర్, మరో ముగ్గురు సైకాలజిస్టులు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు తిరగేసి, స్టైల్‌కు తగ్గట్టు చెబితే బాగా వస్తుందనడానికి సరైన ఆధారం లేదన్నారు. ఒకరికి బొమ్మలంటే ఇష్టం ఉండొచ్చు, కాదనను. కానీ ఏది బొమ్మగా చూపాలో, ఏది వినిపించాలో తేల్చేది పాఠం. 'ల'కీ 'ళ'కీ పలకడంలో తేడా ఎంతటి విజువల్ లెర్నరైనా చెవితోనే పట్టుకోవాలి. మరి ఆడిటరీ లెర్నర్‌కి త్రిభుజాన్ని రాగం తీసి వినిపిస్తారా? కైనెస్తెటిక్ లెర్నర్‌ని సూర్యుడి చుట్టూ పరిగెత్తిస్తారా?

వీడియోల ముక్కకి రెండు మాటలు చాలు. సినిమా వచ్చింది, బడుల్లో పుస్తకాలకు త్వరలో కాలం చెల్లుతుందని ఎడిసన్ 1913లోనే అన్నాడు. ఇంకా ఎదురుచూస్తున్నాం.

"మూడో వంతు కన్నా నాలుగో వంతే పెద్దది, మూడు కన్నా నాలుగు పెద్దది కదా" అని ఓ పిల్ల అంటే వీడియో ఆగదు, తన దారిన తను పోతుంది. టీచర్ ఆగి, ఒకే కొలత ఉన్న రెండు కాగితాలిచ్చి, ఒకటి మూడుగా, ఇంకోటి నాలుగుగా మడవమంటుంది. విద్యార్థి కేంద్రితమంటే ఆ ఆగడమే కదండీ!

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఊరికే మళ్లీ మళ్లీ చదవడం కన్నా, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుంటే వారం తర్వాత ఎక్కువ నిలుస్తుందని 2006లో రోడిగర్, కార్పికే అనే సైకాలజిస్టులు ప్రయోగం చేసి చూపించారు. అంటే పిరమిడ్ అడుగున ఉన్న "మీరే చేయండి"లో కొంత నిజం ఉంది. ఇంకోటి కూడా చెప్పేస్తాను. కొన్నేళ్ల కింద ఒక శిక్షణలో ఇదే పిరమిడ్‌ని నేనే స్లైడ్‌లో పెట్టాను. అంకెలు ఎక్కడివని ఎవరూ అడగలేదు. అందరూ ఫొటో తీసుకున్నారు.