కేజీ బేసిన్ గ్యాస్ లెక్క ఎక్కడ తప్పింది?

కృష్ణా-గోదావరి (కేజీ) బేసిన్‌లో, కాకినాడ తీరానికి దూరంగా, సముద్రం అడుగున ధీరూభాయ్-1, 3 గ్యాస్ క్షేత్రాలు 2002లో బయటపడ్డాయి. వాటి నుంచి దాదాపు 10 లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాస్ తీయవచ్చని, రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు అందుతుందని 2006 నాటి ప్రణాళిక లెక్క కట్టింది. 2009 ఏప్రిల్‌లో మొదలైన ఉత్పత్తి మరుసటి ఏడాది రోజుకు 6 కోట్ల దాకా చేరి, ఆ తర్వాత జారుతూనే పోయింది. 2012 నాటికి ఆ 10 లక్షల కోట్లు 3 లక్షల కోట్లకు కాస్త పైన తేలాయి. 2020 ఫిబ్రవరిలో ఉత్పత్తి ఆగిపోయింది.

ఒప్పుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం, భూగర్భం అనుకున్నట్టు లేదని క్షేత్రాలను నడిపిన రిలయన్స్ కంపెనీ ఏళ్ల తరబడి వాదించుకున్నాయి. ఆ తగవుకు మూలంలో ఉన్న ప్రశ్నే నాకు ముఖ్యం. ఎవరూ కంటితో చూడని ఇసుకలో ఎంత గ్యాస్ ఉందో చెప్పే లెక్క దేనిమీద నిలబడుతుంది?

ప్రతిధ్వని మీద. సర్వే ఓడ కిలోమీటర్ల పొడవున్న కేబుళ్లను లాగుతూ, కొన్ని సెకన్లకొకసారి, గాలిని ఒక్కసారిగా వదిలే ఎయిర్ గన్లతో నీటిలో శబ్దం పుట్టిస్తుంది. పొర మారిన ప్రతిచోటా ఆ తరంగం కొంత వెనక్కి వస్తుంది. ఇసుక రేణువుల మధ్య నీటికి బదులు గ్యాస్ ఉంటే తరంగ వేగం పడిపోతుంది, ప్రతిధ్వని గట్టిగా వస్తుంది. కంప్యూటర్ తెర మీద ఆ చోటు మెరుస్తుంది. దాన్నే బ్రైట్ స్పాట్ అంటారు. నదులు తెచ్చిన ఇసుక సముద్రపు వాలు మీదుగా జారి, లోతుల్లో మెలికలు తిరిగిన కాలువల్లో పేరుకుంది. ఆ పటం చూస్తే గోదావరి పాయలను విమానం నుంచి చూసినట్టే ఉంటుంది. అంత స్పష్టంగా కనిపించేదాన్ని నమ్మకుండా ఉండటం కష్టం.

కానీ ఆ మెరుపు గ్యాస్ పరిమాణం చెప్పదు. రంధ్రాల్లో నూటికి ఐదో పదో పాళ్లు గ్యాస్ ఉన్నా తరంగ వేగం బాగా తగ్గిపోతుంది. నిండా గ్యాస్ ఉన్న ఇసుకా, తీయడానికి పనికిరానంత కొద్దిగా ఉన్న ఇసుకా దాదాపు ఒకేలా మెరుస్తాయి. మందం సంగతి ఇంకా చిక్కు. సెకనుకు 2,400 మీటర్ల వేగంతో సాగే 30 హెర్ట్జ్ తరంగం పొడవు 80 మీటర్లు. అందులో పావు వంతు, అంటే 20 మీటర్ల కంటే పలచని పొర పైఅంచు, కిందిఅంచు విడివిడిగా తెలియవు. రెండు ఇసుక పొరల మధ్య మీటరు మందాన బంకమట్టి ఉంటే పటంలో అది అసలు కనబడదు. గ్యాస్ మాత్రం దాన్ని దాటి బావికి రాలేదు.

ఇదే తీరంలో దీన్‌దయాళ్ క్షేత్రంలో 20 లక్షల కోట్ల ఘనపుటడుగులు ఉన్నాయని 2005లో ప్రకటించారు. ఆ అంకె తర్వాత పదో వంతుకు అటూ ఇటూ దిగింది. 2017లో అందులో 80 శాతం వాటాను ఓఎన్‌జీసీ 7,738 కోట్ల రూపాయలకు కొన్నది. ఇక్కడి ఇసుక గట్టిపడిపోయినది. అందులోంచి గ్యాస్ ఎంత తేలిగ్గా పారుతుందో ప్రతిధ్వనులతో గీసిన ఈ సీస్మిక్ పటం చూపించదు.

నేను ఆ శాస్త్రాన్ని తప్పుపట్టడం లేదు. అది లేకుండా అంత లోతు నీటిలో ఒక్క బావికి కూడా చోటు చూపలేం. తప్పు ఒకే అంకెను పట్టుకోవడంలో ఉంది. నిపుణులెప్పుడూ మూడు అంకెలు వేస్తారు: కనీసం ఇంత, బహుశా ఇంత, అదృష్టముంటే ఇంత. జనం దాకా వచ్చేది పెద్దదే. దాన్ని నమ్మి వేమగిరిలో, సామర్లకోటలో వేల మెగావాట్ల విద్యుత్ కేంద్రాలు కట్టారు. గ్యాస్ రాక అవి ఏళ్ల తరబడి ఖాళీగా నిలిచాయి.

క్షేత్రాభివృద్ధికి అనుమతి ఇచ్చేటప్పుడే ఆ మూడు అంకెలనూ ప్రకటించడం తప్పనిసరి చేయాలి. అదే సీస్మిక్ సమాచారాన్ని హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ), విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం భూభౌతిక శాస్త్ర విభాగం వంటి సంస్థలకు ఇచ్చి, కంపెనీతో సంబంధం లేకుండా మరోసారి లెక్క కట్టించాలి. విద్యుత్ కేంద్రాలకు గ్యాస్ కేటాయింపులు కనీసపు అంకె మీదే జరగాలి. పక్కనే ఉన్న ఓఎన్‌జీసీ 98/2 బ్లాకులో 2024 జనవరిలో చమురు రావడం మొదలైంది. ఈ పద్ధతిని అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.