‘నీ యబ్బ’లోని వ్యాకరణ సౌష్ఠవం

తెలుగు క్షీణించిపోతోందని సభల్లో కంటతడి పెట్టే పెద్దలు, చేతిలోని సెల్‌ఫోను జారి నేలమీద పడిన క్షణాన తమ నోటినుంచే వెలువడే రెండు మాటలను ఏనాడూ శ్రద్ధగా విన్నట్లు లేదు. విని ఉంటే కొంత ఊరట పొందేవారు. సంధి లేనిచోట అచ్చు మీద అచ్చు వస్తే యడాగమం అవుతుందని చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో సూత్రీకరించాడు. బడిలో ‘మా + అమ్మ = మాయమ్మ’ అని వల్లెవేసిన మనం, బడి దాటగానే ‘మా అమ్మ’, ‘మా ఇల్లు’ అని మధ్యలో ఖాళీ వదిలి సూరిని సాగనంపాం. అయితే నమ్మలేని వార్త విని ఎంత నిర్ఘాంతపోయినా, ‘నీ’కీ ‘అబ్బ’కీ నడుమ యకారాన్ని ఎగ్గొట్టే తెలుగువాడు మాత్రం కనబడడు.

అబ్బ అంటే తండ్రి. ఆయన ఏం చేశాడో, ఆయనకేం కావాలో ఈ వాక్యం చెప్పదు; క్రియ ఎన్నడో రాలిపోయింది. ‘నీ’ ఎవరో కూడా తేలదు. ధర పెరిగిన ఉల్లిపాయకు, ఆఖరి బంతిని సిక్సరుగా మలచిన ఆటగాడికి, తప్పుతాడనుకుంటే ర్యాంకు కొట్టిన మిత్రుడికి, నడివేసవిలో పోయిన కరెంటుకు ఒకే తండ్రిని అంటగడతాం. కోపంలో పుటుక్కున తెగే ఈ మాట ఆశ్చర్యంలో ‘నీ యబ్బా’ అని సాగుతుంది. ఆ దీర్ఘం సరిగా పలక్కపోతే మెచ్చుకోలు కాస్తా తగాదాలోకి దిగుతుంది. (తండ్రి స్థానంలో తల్లిని నిలిపినవారిని ఏ దీర్ఘమూ కాపాడలేదు.)

మర్యాదస్తులది ‘ఓర్నీ’ సంప్రదాయం. ‘ఓరి’ సంబోధన ప్రథమ, ‘నీ’ షష్ఠి, ఆపై రావలసిన బంధువు గుటకలో కలిసిపోయాడు. మింగిన మాట తిట్టు కాదన్న ధీమాతో వారు దీన్ని పసిపిల్లల ముందు సైతం నిస్సంకోచంగా వాడతారు, పిల్లలేమో ఆ ఖాళీని వీధిలో పూరించుకుని వస్తారు.

కనుక పాఠ్యపుస్తకంలో యడాగమానికి ‘మాయమ్మ’ పక్కనే ఈ ఉదాహరణనూ చేర్చాలని ప్రభుత్వానికి సవినయంగా విన్నవిస్తున్నాను. తల్లిదండ్రులు అభ్యంతరపెడతారన్న భయం అక్కర్లేదు. పుస్తకం తెరిచి ఆ పంక్తి చదివిన ప్రతి తండ్రీ ముందుగా అనేది, యడాగమంతో సహా, ఆ మాటే.