చేయనన్న మంత్రి

కెనడా పార్లమెంటులో జోడీ విల్సన్-రేబోల్డ్ ఉన్నది ఆరేళ్లే. 2015లో వాంకూవర్ గ్రాన్‌విల్ నియోజకవర్గం నుంచి లిబరల్ పార్టీ తరఫున గెలిచారు. ఆ వెంటనే న్యాయశాఖ దక్కింది. ఆదివాసీ బిడ్డ ఆ కుర్చీలో కూర్చోవడం ఆ దేశంలో అదే మొదలు. అయినా ఆమె పేరు నిలిచింది చేసిన పనుల వల్ల కాదు, ఒక పని చేయనన్నందుకు.

మాంట్రియల్ నిర్మాణ సంస్థ ఎస్ఎన్‌సీ-లావలిన్ మీద లిబియాలో లంచాలిచ్చిందన్న కేసు అప్పట్లో నడుస్తుండేది. ఇలాంటి కేసుల్లో విచారణ లేకుండా జరిమానాతో రాజీపడే వెసులుబాటును 2018లో బడ్జెట్ బిల్లులో కలిపి తెచ్చారు. (బడ్జెట్‌లో దూర్చితే ఎవరు చూస్తారని కాబోలు!) ఈ సంస్థతో రాజీకి ప్రాసిక్యూషన్స్ డైరెక్టర్ ఒప్పుకోలేదు. ఆ నిర్ణయాన్ని మార్చే అధికారం అటార్నీ జనరల్‌ది. ఆ పదవిలో ఉన్నదీ రేబోల్డే. మార్చమని అప్పటి ప్రధాని ట్రూడో మొదలుకొని చాలామంది నెలల తరబడి ఒత్తిడి తెచ్చారు. ఉద్యోగాలు పోతాయన్నారు, మాంట్రియల్ ఉన్న క్యుబెక్ రాష్ట్రంలో ఎన్నికలున్నాయన్నారు. ఆమె కదల్లేదు. 2019 జనవరిలో శాఖ మార్చారు. ఫిబ్రవరిలో ఆమె మంత్రి పదవికి రాజీనామా చేశారు. ఏప్రిల్‌లో పార్టీ పార్లమెంటరీ బృందం నుంచి వెళ్లగొట్టారు.

ఈ గొడవలో ఉన్నతాధికారి మైకేల్ వెర్నిక్‌తో మాట్లాడిన ఫోన్ కాల్‌ను ఆయనకు తెలియకుండా ఆమె రికార్డు చేయడాన్ని మేం మెచ్చుకోలేం. కానీ ఆ టేపే లేకుంటే ఆమె మాటను ఎంతమంది నమ్మేవారు? ట్రూడో నిబంధనలు ఉల్లంఘించారని ఆగస్టులో ఎథిక్స్ కమిషనర్ తేల్చారు. డిసెంబరులో ఆ సంస్థ నిర్మాణ విభాగం కోర్టులో మోసం నేరం ఒప్పుకుని 28 కోట్ల డాలర్ల జరిమానాకు తలవంచింది.

మన దగ్గర అటార్నీ జనరల్ మంత్రి కాదు. కెనడాలో మాత్రం న్యాయమంత్రి, అటార్నీ జనరల్ పదవులు రెండూ ఒకరివే. పొద్దున కేబినెట్‌లో పార్టీ లెక్కలు వినాలి, మధ్యాహ్నం అవే లెక్కలు కేసుల్లోకి చొరబడకుండా చూడాలి. ఈ రెండింటినీ విడదీయనక్కర్లేదని సలహా ఇచ్చిన అన్ మెక్‌లెలన్ కూడా లిబరల్ పార్టీ మాజీ న్యాయమంత్రే. ఆ సలహా మాకు రుచించలేదు.

2019 అక్టోబరులో గ్రాన్‌విల్ ఓటర్లు ఆమెను స్వతంత్ర అభ్యర్థిగా గెలిపించారు. ఆ ఎన్నికల్లో దేశం మొత్తమ్మీద గెలిచిన ఇండిపెండెంట్ ఆమె ఒక్కరే. పదవుల కోసం గోడ దూకేవాళ్లను చూసి విసిగిన తెలుగువాళ్లకు, పదవి పోయినా మాట మార్చని మనిషిని ఓటర్లు మళ్లీ పంపడం వింతగానే ఉంటుంది. పార్లమెంటు వాతావరణం విషపూరితమైందంటూ 2021లో ఆమె పోటీకి దూరమయ్యారు. సీటు తిరిగి లిబరల్స్‌కే వెళ్లింది. న్యాయమంత్రి, అటార్నీ జనరల్ పదవులను మాత్రం విడదీయనే లేదు.