కోడి కొన్నాడనుకున్నాను

సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో ఉద్యోగానికి చేరి నెల తిరగకముందే, నిన్న సాయంత్రం జంతుప్రదర్శనశాల టిక్కెట్ల కిటికీ ముందు నిలబడి గుర్రం ఎక్కడుందని అడిగిన ఘనత నాకు దక్కింది. ఆఫీసులో నా పక్క కుర్చీ మనిషి శనివారం ఊరు చూపిస్తానన్నాడు. ఆరు గంటలకు ఎక్కడికి రావాలని అడిగితే "కోద్ కోన్యా" అని ఫోను పెట్టేశాడు.

నా చెవికి అది "కోడి కొన్నా" అని వినిపించింది. ఆదివారం కూరకు ముందు రోజే సిద్ధపడిన ఇంటిమనిషి అనుకుని కొంత సంతోషించాను కూడా. తీరా అనువాదం చూస్తే, దానికి "గుర్రం దగ్గర" అని అర్థమట.

అతని ముందు తెలివైనవాడిలా కనబడాలని వారం రోజులుగా, ఒకప్పుడు సెర్బియాను ఏలిన మిహైలో ఒబ్రెనోవిచ్ ప్రభువు చరిత్రను వల్లె వేస్తున్నాను. పదహారేళ్లు నిండకుండానే 1839లో గద్దెనెక్కి, 1842లో తిరుగుబాటుతో దేశం విడిచి, తండ్రి మిలోష్ మరణించాక 1860లో మళ్లీ గద్దెనెక్కిన మనిషి ఆయన. 1862లో చుకుర్ చెస్మ (చెస్మ అంటే మంచినీటి ఫౌంటెన్) దగ్గర ఒక కుర్రవాడు దెబ్బతినగా రేగిన గొడవలో, తురుష్క సైన్యం కలెమెగ్దాన్ కోట మీది నుంచి ఊరిపై ఫిరంగులు పేల్చింది; అదే కోట తాళాలను 1867లో అలీ రిజా పాషా ఈ ప్రభువు చేతికి అప్పగించాడు. ఇంత చరిత్ర తెలిసినవాడికి గుర్రం ఎక్కడుంటుందో తెలియకపోతుందా? కోటలో జంతుప్రదర్శనశాల ఉంది కనుక గుర్రమూ అక్కడే ఉంటుందని తేల్చుకున్నాను.

కిటికీలోని పెద్దావిడను "గ్దే యే కోన్య్?" అని నాకు వచ్చిన నాలుగు ముక్కలూ కూడదీసుకుని అడిగాను. ఆవిడ కళ్లజోడు పైకి నెట్టి నన్ను చూసింది. నా వెనుక వరుసలో బెలూన్లు పట్టుకున్న పిల్లలు, వాళ్లను పట్టుకున్న తల్లులు కూడా చూశారు. ఆవిడ చెయ్యి బయటికి చాచి, కోట దాటి ఊరివైపు చూపించింది. గుర్రం తప్పించుకుపోయిందని నేను అర్థం చేసుకున్నాను. తప్పించుకున్న గుర్రం గురించి ఇంత నిబ్బరంగా చెప్పే ఆవిడ ధైర్యానికి ఆశ్చర్యపడి, పట్టుకున్నారా అన్నట్టు రెండు చేతులతో కళ్లెం లాగి చూపించాను. పిల్లల్లో ఒకడు సకిలించాడు.

ఆ ప్రభువు పేరే పెట్టిన క్నేజ్ మిహైలోవా వీధి వెంట రొప్పుతూ నడిచి రిపబ్లిక్ స్క్వేర్ చేరేసరికి నలభై నిమిషాలు ఆలస్యమైంది. అక్కడ ఎత్తైన దిమ్మె మీద కంచు గుర్రం, దాని మీద చెయ్యి చాచిన మిహైలో ప్రభువు, దిమ్మె కింద చేతులు కట్టుకున్న నా సహోద్యోగి కనిపించారు. ఊరంతా దీన్ని గుర్రమనే అంటుందట, అందరికీ తెలుసట. మా ఊళ్లోనూ గాంధీ బొమ్మ దగ్గర కలుసుకుంటాము కానీ, గాంధీగారిని వదిలేసి చేతికర్ర దగ్గరికి రమ్మని ఎవరూ అనరు. 1868లో కొషుత్న్యాక్ వనంలో హంతకుల చేతిలో ప్రాణం పోగొట్టుకున్న ప్రభువుకు ఊరివాళ్లు చివరికి మిగిల్చింది గుర్రపు డెక్కలేనా?

పరువు దక్కించుకోవడానికి, ప్రభువు తలకు టోపీ పెట్టడం మరిచానని తెలిసి శిల్పి ఎన్రికో పాజీ ఆత్మహత్య చేసుకున్నాడన్న కథను గంభీరంగా వినిపించాను. విగ్రహం 1882లో ఆవిష్కరించారనీ, శిల్పి 1899 దాకా బతికాడనీ అతను జేబులోంచి చేతులు తీయకుండానే చెప్పాడు. పదిహేడేళ్ల పాటు ఆత్మహత్య చేసుకునేవాడెవడో నేనూ ఆలోచించవలసింది.

వచ్చే శనివారం ఆరు గంటలకు "చెస్మ దగ్గర" కలుద్దామని చెప్పి బస్సు ఎక్కేశాడు. ఒక్క ఈ చుట్టుపక్కలే మూడు చెస్మలు ఉన్నాయి.