వాటాల శాంతి

2011 జులై 9న పుట్టిన దక్షిణ సూడాన్‌లో ఇంతవరకూ ఒక్క సార్వత్రిక ఎన్నికా జరగలేదు. 2015లో జరగాల్సినవి వాయిదాల మీద వాయిదాలు పడి 2026 డిసెంబరుకు చేరాయి. ఈలోగా అధ్యక్షుడు సాల్వా కీర్ తన మొదటి ఉపాధ్యక్షుడు రీక్ మచార్‌ను 2025 మార్చిలో గృహ నిర్బంధంలో పెట్టించారు. సెప్టెంబరులో హత్య, దేశద్రోహం కేసులు పెట్టి బోనెక్కించారు. అంతర్యుద్ధాన్ని ఆపడానికి కుదిరిన 2018 శాంతి ఒప్పందం మీద సంతకాలు చేసిన ప్రధాన ప్రత్యర్థులు ఈ ఇద్దరే.

ఆ ఒప్పందం ఎందుకు నిలవలేదో తెలియాలంటే దాన్ని ఒకసారి తెరిచి చూస్తే చాలు. ఒక అధ్యక్షుడు, ఐదుగురు ఉపాధ్యక్షులు, 35 మంది మంత్రులు, 550 మంది ఎంపీలు. కోటి పైచిలుకు జనాభాకు ఇంతమంది! ఇంత పెద్ద మన దేశానికి లోక్‌సభ సభ్యులు 543 మందే. చమురు డబ్బుకు లెక్కలు చూపాలని కూడా ఒప్పందంలో ఒక అధ్యాయం ఉంది. కుర్చీలు నిండాయి, ఆ అధ్యాయం కాగితం మీదే ఉండిపోయింది.

డబ్బంటే అక్కడ చమురే. ప్రభుత్వ ఆదాయంలో సుమారు పదింట తొమ్మిది వంతులు దాని నుంచే వస్తుంది, అదీ సూడాన్ మీదుగా పైపులో ఎర్ర సముద్రం ఒడ్డుకు చేరితేనే. ఇంకా సూడాన్‌లో భాగంగా ఉన్నప్పుడే, 2005లో దక్షిణాది తిరుగుబాటుదారులకు ఖార్టూమ్‌లోని సూడాన్ ప్రభుత్వంతో సంధి కుదిరాక ఆ డబ్బు వరదలా వచ్చింది. తిరుగుబాటు నేత జాన్ గరంగ్ హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోవడంతో పగ్గాలు పట్టిన కీర్, ఎదురు నిలిచిన మిలీషియాలను జీతాలిచ్చి సైన్యంలో కలుపుకున్నారు. అప్పటికి రక్తపాతం తప్పిన మాట నిజం. కానీ తుపాకీ పట్టుకుని అడవికి పోయినవాడు ర్యాంకుతో తిరిగి రావచ్చని అందరికీ తెలిసిపోయింది.

2012లో పైపు కిరాయి దగ్గర సూడాన్‌తో పేచీ వచ్చి, రాజధాని జుబాలోని ప్రభుత్వం తన బావులను తానే మూసేసుకుంది. అదే ఏడాది, మాయమైన 400 కోట్ల డాలర్లు తిరిగి ఇవ్వండంటూ కీర్ 75 మంది అధికారులకు, మాజీలకు లేఖ రాశారు. దొంగలను ఇలా బతిమాలుకున్న ప్రభుత్వం ఇంకెక్కడైనా ఉందో లేదో! 2013 డిసెంబరులో కీర్, మచార్ వర్గాల మధ్య అంతర్యుద్ధం మొదలయ్యేనాటికి ఖజానా చిక్కిపోయింది, వాటాదారులు మాత్రం తగ్గలేదు. ఆ యుద్ధం దాదాపు నాలుగు లక్షల ప్రాణాలు తీసిందని 2018 నాటి ఒక అంచనా.

కీర్‌ది డింకా తెగ, మచార్‌ది నుయెర్ తెగ కనుక దీన్ని ఆ రెండు తెగల పాత పగ అని తేల్చేయడం సులువు. పగలున్నాయి, పశువుల కోసం దాడులూ ఉన్నాయి. కన్యాశుల్కం ఆవుల్లోనే ఇవ్వాలి కనుక అక్కడ పశువుల మందే బ్యాంకు. అయినా 1999లో వున్లిట్ అనే ఊళ్లో ఇవే తెగల పెద్దలు చర్చిల చొరవతో కూర్చున్నారు. తెల్ల ఎద్దును బలిచ్చి, మేత బీళ్ల సంగతి, ఎత్తుకుపోయిన ఆడవాళ్ల, పిల్లల సంగతి తేల్చుకున్నారు. ఆ పంచాయితీ మంత్రి పదవుల కోసం పెట్టింది కాదు మరి.

2024 ఫిబ్రవరిలో సూడాన్ యుద్ధం మధ్య ప్రధాన పైపు పగిలింది. ఎగుమతి పడిపోయింది. సైనికులకు, టీచర్లకు నెలల తరబడి జీతాల్లేవు. జీతం రాని సిపాయి రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి లారీల దగ్గర వసూలు చేసుకుంటాడు. కంచే చేను మేయడమంటే ఇదే. స్వాతంత్ర్యం తర్వాత చమురు మీద వచ్చింది 2,500 కోట్ల డాలర్ల పైమాటేనని దక్షిణ సూడాన్‌పై వేసిన ఐరాస మానవ హక్కుల కమిషన్ 2025లో లెక్కకట్టింది.

మనకూ ఇందులో సంబంధం ఉంది. 2013 ఏప్రిల్‌లో అక్కడి జోంగ్లే రాష్ట్రంలో శాంతి పరిరక్షణకు వెళ్లిన భారత జవాన్లు ఐదుగురు ప్రాణాలిచ్చారు. అక్కడి చమురు క్షేత్రాల్లో మన ప్రభుత్వ కంపెనీ ఓఎన్‌జీసీ విదేశ్‌కు వాటాలున్నాయి. ఎన్నికల తేదీ మీద ఢిల్లీ హితబోధ చేయనక్కర్లేదు. తన కంపెనీకి వాటా ఉన్న క్షేత్రాల్లో ఏటా ఎంత చమురు తీశారో, అందులో జుబా ప్రభుత్వానికి ఎన్ని పీపాలు వెళ్లాయో అందరికీ కనిపించేలా పెట్టించాలి. ఆ పీపాలు ఎవరు అమ్మారు, డబ్బు ఏ ఖాతాలో పడింది అని అడగడానికి జీతం అందని జుబా టీచరు చేతిలో అప్పుడు కనీసం ఒక అంకె ఉంటుంది.