మూడు వేళ్లు లెక్కపెడితే తల బాగున్నట్టేనా?

అమెరికాలో స్కూళ్లలో అమెరికన్ ఫుట్‌బాల్ (ఒకరినొకరు ఢీకొట్టుకునే ఆట) సీజను మొదలైందో లేదో, ఇక్కడి తెలుగు తల్లిదండ్రుల గ్రూపుల్లో ఓ సందేశం మళ్లీ ఊరేగుతోంది. తలకు దెబ్బ తగిలిన పిల్లల్ని ఆట నుంచి ఆపే నిబంధనలన్నీ వట్టి హడావిడి అని దాని సారం. అందులోని మాటలు ఒక్కొక్కటే చూద్దాం.

"స్పృహ తప్పకపోతే కంకషన్ (దెబ్బకు మెదడు కుదుపుకు గురికావడం) కాదు." అబద్ధం. చాలా కంకషన్లలో స్పృహ తప్పనే తప్పదు.

"మంచి హెల్మెట్ కొంటే చాలు." అది కాపాడేది పుర్రెను. లోపల మెదడు కుదుపుకు గురికాకుండా ఆపలేదు.

"స్కానింగ్ బాగుంటే ఆడించవచ్చు." స్కానింగ్‌లో తెలిసేది రక్తస్రావం, ఎముక చిట్లడం. కంకషన్ సాధారణంగా అందులో కనబడదు.

ఇక అసలు ఆణిముత్యం: "మూడు వేళ్లు చూపించండి. సరిగ్గా చెబితే రెండో సగంలో మైదానంలోకి దింపండి." రాసిన మహానుభావుడికి ఓ దండం. 2006 అక్టోబరులో వాషింగ్టన్ రాష్ట్రంలో జాకరీ లైస్టెడ్ అనే 13 ఏళ్ల పిల్లవాడికి విరామానికి ముందు తలకు దెబ్బ తగిలింది. రెండో సగంలో మళ్లీ దింపారు. ఆట ముగిశాక కుప్పకూలాడు. మెదడు మీద ఒత్తిడి తగ్గించడానికి పుర్రెకు శస్త్రచికిత్స చేయాల్సివచ్చింది. మళ్లీ తొలి మాట పలకడానికి 9 నెలలు పట్టింది. 2009లో అతని పేరు మీదే చట్టం వచ్చింది: అనుమానం ఉన్నా సరే వెంటనే బయటికి, వైద్య నిపుణులు రాసి ఇస్తేనే మళ్లీ మైదానంలోకి. 2014 నాటికి 50 రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టాలున్నాయి. సీజనుకు ముందు మనం చదవకుండా సంతకం పెట్టి పంపే కాగితం ఈ చట్టాల వల్ల వచ్చేదేనండీ.

"వాడే బాగున్నానంటున్నాడు కదా?" జట్టులో చోటు పోతుందని హడలిపోయే పిల్లవాడు ఇంకేమంటాడు? అడిగిందే మళ్లీ అడగడం, వెలుతురు పడక కళ్లు చికిలించడం కంకషన్ గుర్తులే; అవి కనబడుతుంటే ఇక వేళ్ల లెక్క ఎందుకు?

"వారమంతా చీకటి గదిలో పడుకోబెట్టడం దండగ." ఇది మాత్రం నిజం! మొదటి ఒకటి రెండు రోజులు నెమ్మదిగా ఉండి, ఫోను తగ్గించి, ఆ తర్వాత తేలికగా నడవడమే మేలని ఇప్పుడు వైద్యులే చెబుతున్నారు. "కాబట్టి మర్నాడే మ్యాచ్" అని దీన్నుంచి తేల్చడమే ఘనకార్యం. నడక, పరుగు, ఢీకొట్టుకోని సాధన, ఇలా ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు కావాలి. మళ్లీ మ్యాచ్ ఆడేముందు తరగతిలో తలనొప్పి లేకుండా కూర్చోగలగాలి.

"కోచ్‌లు కోర్టు కేసులకు భయపడుతున్నారు." భయపడనివ్వండి.